లినక్స్ ఎక్కించే ముందు: ఏ ప్యాకేజీలు ఏరుకోవాలి?



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలని నిబంధన. అందువల్ల ఆఫీసుల్లో, కాలేజీల్లో బాగానే పనిచేస్తున్న మిషన్లు కూడా మూలన పడుతున్నాయి. అలాంటివే కొన్ని పూర్వ విద్యార్థుల చేతుల మీదుగా మన హాస్టళ్లకు చేరుతున్నాయి. వాటిని మళ్లీ పనిలో పెట్టడానికి అందరూ చెప్పే మార్గం లినక్స్. ఖర్చు లేదు, లైసెన్సు గొడవ లేదు, పాత మిషన్ మీదా నడుస్తుంది. ఇదంతా నిజమే. అయితే లినక్స్ ఎక్కించడం ఒక పూట పని. ఏమేమి ఎక్కించాలో తేల్చుకోవడమే అసలు పని. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించి.

మేము అంటే ఈ హాస్టల్‌లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్న కొందరం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం. సెలవుల్లో వచ్చి ఇక్కడి కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించాం. ఆ పనిలో మాకు తెలిసి వచ్చినవి, పుస్తకాల్లో చదివినవి కలిపి రాస్తున్నాం.

ప్యాకేజీ అంటే ఏమిటి?

మన వంటశాలకు నెల మొదట్లో ఇండెంటు రాస్తారు కదా. బియ్యం ఇంత, కందిపప్పు ఇంత, నూనె ఇంత అని. వచ్చిన సరుకు స్టాక్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఇండెంటులో రాయనిది ఆ నెల వంటలోకి రాదు. కంప్యూటర్ విషయం కూడా అంతే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ పనిముట్లు, 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ కలిస్తే వచ్చేది పొయ్యి, గిన్నె మాత్రమే. తినడానికి ఏముందన్నది దాని మీద పెట్టే సాఫ్ట్‌వేర్లను బట్టి ఉంటుంది. ఆ ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటనే ప్యాకేజీ అంటారు. ఆ మూటలన్నీ ఉంచే గోదాము రిపాజిటరీ. కెర్నల్‌ను, మూటలను కలిపి సరిచూసి ఇచ్చేది డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఇలాంటివే.

ఈ గోదాము ఎంత పెద్దదో చూడండి. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌లో, 2005 జూన్‌లో వచ్చిన 3.1 నాటికి దాదాపు 15,400 ప్యాకేజీలు ఉండేవి. 2023 జూన్‌లో వచ్చిన 12లో అవి 64,419. 2025 ఆగస్టు 9న వచ్చిన 13లో 69,830. ఇవన్నీ కలిపితే 400 జీబీకి పైనే అవుతాయి. మన మిషన్లలో ఉన్న హార్డ్ డిస్కు 160 జీబీ. అన్నీ ఎక్కించేద్దాం, పడి ఉంటాయి అనుకున్నా పట్టవు. పట్టినా, మెనూ నిండా పేర్లు చూసి ఆరో తరగతి పిల్లవాడు భయపడి లేచిపోతాడు.

ఒక మూట వెనక ఇంకో మూట

సాంబారు అని ఇండెంటు రాస్తే సరిపోదు. దాని వెనక పప్పు, చింతపండు, సాంబారు పొడి, పోపు సామాను రావాలి. ప్యాకేజీలకూ ఈ లంకె ఉంది. డెబియన్‌లో దీన్ని మూడు మెట్లుగా పెట్టారు. మొదటిది తప్పనిసరి. అది లేకపోతే అసలు ప్యాకేజీ పనిచేయదు. రెండోది సిఫారసు. మామూలుగా అందరికీ అవసరం, కానీ లేకపోయినా నడుస్తుంది. మూడోది సూచన. ఉంటే బాగుంటుంది అంతే. మనం ఒక పేరు అడిగితే మొదటి రెండు రకాలూ వాటంతట అవే దిగుతాయి, మూడోది దిగదు.

అందుకని చిన్న పేరు అడిగితే ఒక్కోసారి వందల మెగాబైట్లు వస్తాయి. ఎక్కించే ముందు ఆప్ట్ అనే పనిముట్టు ఏమేమి దింపుతుందో, ఎంత చోటు పడుతుందో చూపించి "సరేనా?" అని అడుగుతుంది. ఆ లెక్క చదవకుండా సరే కొట్టవద్దు. డిస్కు చోటు, నెట్ డేటా రెండూ అక్కడే పోతాయి. సిఫారసులు వద్దని చెప్పే వీలూ ఉంది. అయితే వద్దన్న వాటిలో ప్రింటరుకో, శబ్దానికో కావలసినది ఉండవచ్చు. చోటు మరీ తక్కువైతే తప్ప ఆ జోలికి పోకపోవడం మంచిది.

కొన్ని ప్యాకేజీలలో తమ సరుకంటూ ఏమీ ఉండదు, ఇతర ప్యాకేజీల పేర్ల చీటీ మాత్రమే ఉంటుంది. వీటిని మెటా ప్యాకేజీలు అంటారు. ఆ చీటీ ఒకటి అడిగితే అందులోవన్నీ వస్తాయి. పని తేలికే. కానీ ఆ చీటీ ఎవరో, ఎక్కడో, తమ అవసరాలు చూసుకుని రాసినదని మరిచిపోకూడదు.

మనకంటే ముందు ఏరినవాళ్లు

ఉబుంటు తొలి విడుదల 2004 అక్టోబరులో వచ్చినప్పుడు ఒక్క సీడీలోనే ఇమిడింది. అంటే 700 ఎంబీ. ఒక పనికి ఒకే సాఫ్ట్‌వేర్ అన్న పద్ధతిలో ఏరి పెట్టారు. అదే కాలంలో డెబియన్ 3.1 పధ్నాలుగు సీడీలు. అడిగినవారికి ఉబుంటు సీడీలను ఉచితంగా పోస్టులో పంపే ఏర్పాటు 2011 ఏప్రిల్ దాకా నడిచింది. నెట్ లేని మన దేశపు విద్యార్థులు ఎందరికో లినక్స్ తెలిసింది ఆ సీడీల వల్లనే.

మన తెలుగువాళ్ల కోసం ఏరినవాళ్లూ ఉన్నారు. 2005లో కేంద్ర ప్రభుత్వ ఐటీ శాఖ, సీ-డాక్ కలిసి తెలుగు ఫాంట్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ వంటివి ఒక సీడీలో పెట్టి ఉచితంగా ఇచ్చాయి. మొదట ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో ఉండి తర్వాత స్వేచ్ఛగా పేరు మారిన సంస్థ, అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. పిల్లల పాఠాలకు పనికివచ్చే సాఫ్ట్‌వేర్లు ఏరి బాల స్వేచ్ఛ అని తెచ్చింది. చెన్నైలోని సీ-డాక్ 2007లో డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్ విడుదల చేసింది. బడుల కోసం దాంట్లోనే ఎడ్యుబాస్ ఉంది. నార్వేలో 2001లో స్కోలెలినక్స్ అని మొదలైనది ఇప్పుడు డెబియన్ ఎడ్యు. పక్కనున్న కేరళలో ప్రభుత్వ సంస్థ కైట్, తమ పాఠ్యపుస్తకాలకు సరిపోయే సాఫ్ట్‌వేర్లు పొదిగి ఉబుంటు ఆధారంగా సొంత లినక్స్ తయారుచేసి బడులకు ఇస్తోంది.

వీటన్నిటిలో ఉన్న సంగతి ఒకటే. ఎవరు కూర్చుంటారో ముందు తెలుసుకుని, తర్వాత మూట కట్టారు. మన హాస్టల్‌కు ఆ మూట కట్టేవారు బయటి నుంచి రారు. మనమే కట్టుకోవాలి.

ముందు నేల చూడాలి

పత్తి గింజ కొనే ముందు మన పెద్దలు నేల చూస్తారు. నల్లరేగడా, చల్కా, నీటి వసతి ఉందా అని. కంప్యూటర్‌కీ అలాగే నాలుగు సంగతులు చూసి నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఒకటి, ప్రాసెసర్ 64 బిట్‌దా, 32 బిట్‌దా. కోర్ 2 డుయో, ఆ తర్వాత వచ్చిన డెస్క్‌టాప్ మిషన్లు 64 బిట్‌వే. అంతకంటే పాతవైతే చూసుకోవాలి. డెబియన్ 12 దాకా 32 బిట్ మిషన్లకు ఇన్‌స్టాలర్ ఉంది, 13లో తీసేశారు.

రెండు, ర్యామ్. డెస్క్‌టాప్‌తో డెబియన్ వాడుకోవడానికి 2 జీబీ ర్యామ్, 10 జీబీ డిస్కు అని వాళ్ల మాన్యువల్ చెబుతుంది. అది మిషన్ లేచి నిలబడటానికి సరిపోతుంది. ఇప్పటి వెబ్‌సైట్లు రెండు మూడు తెరిస్తే 2 జీబీ ఇట్టే నిండిపోతుంది. వీలైతే 4 జీబీ చేయించాలి. దాతలు "ఇంకేమైనా కావాలా?" అని అడిగితే, కొత్త మిషన్ అడిగే బదులు పాత మిషన్లకు ర్యామ్ అడగండి.

మూడు, డిస్కు ఆరోగ్యం. పాత డిస్కు టకటక శబ్దం చేస్తుంటే దాని మీద ఏమి ఎక్కించినా దండగే.

నాలుగు, నెట్ ఎలా వస్తుంది. వైఫై చిప్ పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కావాలి. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని డెబియన్ చాలా ఏళ్లు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యుల ఓటింగుతో ఆ పద్ధతి మార్చుకుంది. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. కాబట్టి పాత పుస్తకాల్లో చదివిన ఆ తిప్పలు ఇప్పుడు చాలావరకు లేవు.

తర్వాత మనుషులను అడగాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. కంప్యూటర్ కొంచెం వచ్చిన పెద్ద పిల్లలకు జాబితా అప్పగిస్తే కంపైలర్లు, సర్వర్లు, హ్యాకింగ్ పనిముట్లు రాస్తారు. ఐదో తరగతి పిల్లలకు అందులో ఒక్కటీ ఉండదు. అడ్డు చెప్పడానికి వాళ్లకు పేర్లు తెలియవు.

అందుకే మేము "ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?" అని అడగలేదు. "కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏం చేయాలనుంది?" అని అడిగి, పేరు లేకుండా చీటీలు రాయించాం. బొమ్మలు వేయాలని, టైపు నేర్చుకోవాలని, సైన్సు బొమ్మలు కదులుతుంటే చూడాలని, అర్జీ తెలుగులో టైపు చేయాలని రాశారు. గ్రూపు పరీక్షల ఆశ ఉన్నవాళ్లు కంప్యూటర్ టెస్టు అని రాశారు. ఒక చీటీలో "మా అమ్మ మిరప కోతల కూలి లెక్క రాసిపెట్టాలి" అని ఉంది.

ఆ చీటీ గురించి రెండు మాటలు. మిరప కోతల కాలంలో ప్రకాశం పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే వలస వస్తాయి. ఎన్ని రోజులు కోశారు, ఎన్ని కిలోలు కోశారు, ముందు తీసుకున్న అడ్వాన్సు పోను ఎంత రావాలి అన్నది ముఠా మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. కోసినవారి దగ్గర ఉండదు. చదువుకునే బిడ్డ ఆ లెక్క తన దగ్గరా ఉండాలనుకున్నాడు. దానికి కావలసినది ఒక స్ప్రెడ్‌షీట్. తేదీ, కిలోలు, రేటు, అడ్వాన్సు, బాకీ అని ఐదు గడులు. ఒక హాస్టల్‌కు కంప్యూటర్ ఎందుకు అని ఎవరైనా అడిగితే మేము ఈ చీటీ చూపిస్తాం.

మేము ఏరిన జాబితా

ఇన్‌స్టాల్ జరుగుతుండగా డెబియన్ సాఫ్ట్‌వేర్ ఎంపిక అని ఒక తెర చూపిస్తుంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా, సినమన్, మేట్, ఎల్‌ఎక్స్‌డీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అన్న పేర్లు, కింద వెబ్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, మామూలు సిస్టం పనిముట్లు అని ఉంటాయి. చూడకుండా ఎంటర్ కొడితే గ్నోమ్ దిగుతుంది. అది బాగుంటుంది కానీ బరువు. ఉబుంటులో అయితే డిఫాల్ట్, ఎక్స్‌టెండెడ్ అని రెండే ఎంపికలు. డిఫాల్ట్‌లో బ్రౌజర్, చిన్నాచితకా తప్ప ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఉండదు. ఆ తెర ముందు కూర్చుని ఆలోచిస్తే తొందరలో ఏదో ఒకటి కొట్టేస్తాం. జాబితా ముందే కాగితం మీద ఉండాలి.

డెస్క్‌టాప్: ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కటే తీసుకున్నాం. 2 జీబీ మిషన్‌కి ఎల్‌ఎక్స్‌క్యూటీ కూడా సరిపోతుంది. రెండు మూడు డెస్క్‌టాప్‌లు కలిపి ఎక్కిస్తే ఫైళ్లు చూసేవి రెండు, రాసుకునేవి మూడు వచ్చి పిల్లలు తికమకపడతారు. అన్ని మిషన్లలో ఒకటే ఉంటే పక్కవాడు పక్కవాడికి నేర్పగలడు.

తెలుగు: ఇన్‌స్టాలర్‌ను గ్రాఫికల్‌గా నడిపితే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. మొదట్లోనే తెలుగు ఎంచుకుంటే తెలుగుకు సంబంధించినవి వాటంతట అవే జతపడతాయి. ఇంగ్లీషు ఎంచుకుంటే మనం అడిగి తెచ్చుకోవాలి. లోహిత్ ఫాంటు ఒక ప్యాకేజీలో, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఇంకో ప్యాకేజీలో ఉన్నాయి. టైపు చేయడానికి ఐబస్, దానికి ఎం17ఎన్ అన్న జత కావాలి. దాంతో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు వస్తాయి. ఆర్‌టీఎస్ అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు 1990ల తొలినాళ్లలో దాన్ని తయారుచేశారు. చిన్న పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్పమని మా సలహా. అది ప్రభుత్వ ప్రమాణం. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ మీటలు ఒకే చోట ఉంటాయి. ఇంగ్లీషు స్పెల్లింగు రాని పిల్లవాడు కూడా తెలుగు కొట్టగలడు.

ఆఫీసు పనులు: లిబ్రేఆఫీస్. అందులో రైటర్, కాల్క్, ఇంప్రెస్ మూడూ కావాలి. ఏపీపీఎస్‌సీ పెట్టే కంప్యూటర్ ప్రొఫిషియన్సీ టెస్టులో ఉండే ఉత్తరం దిద్దడం, పట్టిక వేయడం, మొత్తాలు కట్టడం వంటి పనులన్నీ వీటిలో సాధన చేయవచ్చు. మెనూలు కొంచెం వేరుగా ఉంటాయి కాబట్టి పరీక్ష ముందు ఎమ్మెస్ ఆఫీస్ మీదా కొన్ని గంటలు కూర్చోవాలి. ఇంకో చిన్న ప్యాకేజీ మరిచిపోవద్దు. కాలిబ్రి ఫాంటుకు బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కలాడియా, టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్‌కు బదులు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. వీటి అక్షరాల వెడల్పు అసలు వాటితో సమానం. ఇవి లేకపోతే మాస్టారు పంపిన రెండు పేజీల ప్రశ్నపత్రం మన మిషన్‌లో మూడు పేజీలవుతుంది.

చదువు, ఆట: చిన్నవాళ్లకు జీకాంప్రి, టక్స్ పెయింట్. టైపింగుకు టక్స్ టైపింగ్, క్లావారో. పెద్ద పిల్లలకు నక్షత్రాలు చూపే స్టెల్లేరియం, మూలకాల పట్టిక చూపే కాల్జియం, భూగోళం చూపే మార్బుల్. నెట్ లేని చోట అన్నిటికంటే విలువైనది కివిక్స్. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను ఒక ఫైలుగా దింపుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు.

ప్రోగ్రామింగు: పైథాన్, థానీ, సీ కంపైలర్. ఇవి డిప్లొమా, బీటెక్ పిల్లలకు. ఒక్క మిషన్‌లో ఉంటే చాలు.

ఇక వెబ్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ల ముందు టిక్ పెట్టలేదు. వాడనిది ఎక్కిస్తే చోటు పోవడమే కాదు, అది ఎప్పుడూ నడుస్తూ బయటివారికి తలుపు తెరిచి ఉంచినట్టవుతుంది.

లినక్స్‌లో దొరకనివి

ఉన్నవి మాత్రమే చెప్పి లేనివి దాచిపెడితే తమ్ముళ్లకు అన్యాయం చేసినట్టే. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ కొట్లలో, చిలకలూరిపేట, నరసరావుపేట వైపు జిన్నింగ్ మిల్లుల్లో లెక్కలు రాసే పనికి చాలాచోట్ల ట్యాలీ వచ్చా అని అడుగుతారు. ట్యాలీ విండోస్ కోసం చేసినది, లినక్స్ మీద నేరుగా నడవదు. గ్నూక్యాష్ ఎక్కిస్తే జమ, ఖర్చు, లెడ్జరు సూత్రం నేర్చుకోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో గ్నూక్యాష్ పేరు చెబితే ఉద్యోగం రాదు.

డీటీపీ సంగతీ అంతే. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడేవాళ్లు ఉన్నారు. అను ఫాంట్లలో కొట్టినది యూనికోడ్ కాదు. ఆ ఫైలు మన మిషన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. లినక్స్‌లోని స్క్రైబస్‌లో యూనికోడ్ తెలుగుతో పేజీలు కూర్చవచ్చు. అది మంచి విద్యే, కానీ ఆ సెంటర్లో అడిగే విద్య అది కాదు.

అందుకని మాకు తోచిన మార్గం ఇది. లైసెన్సు ఉన్న విండోస్‌తో వచ్చిన మిషన్ ఏదైనా ఉంటే, ఒక్కదాన్ని అలాగే ఉంచండి. నెట్‌కు కలపకుండా ట్యాలీ, డీటీపీ సాధనకే వాడండి. మిగిలినవాటికి లినక్స్ ఎక్కించండి. దొంగ కాపీలు మాత్రం ఎక్కించవద్దు. ఆ సీడీలతో వచ్చే వైరస్ పెన్‌డ్రైవుల వెంట అందరి ప్రాజెక్టులనూ తినేస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద అభిమానంతో ఒక పిల్లవాడి బతుకుతెరువు దారి మూసే హక్కు మనకు లేదు. అలాగే ట్యాలీ కోసమని మిగతా అందరినీ నడవని మిషన్ల ముందు కూర్చోబెట్టడమూ న్యాయం కాదు.

నెట్ తక్కువైతే ఎలా?

డెబియన్‌ను రెండు రకాలుగా దింపుకోవచ్చు. నెట్‌ఇన్‌స్ట్ ఒక జీబీలోపే ఉంటుంది కానీ మిగతావన్నీ ఎక్కించేటప్పుడు నెట్ నుంచి తెస్తుంది. మొదటి డీవీడీ ఫైలు నాలుగు జీబీల దరిదాపుల్లో ఉంటుంది, అందులో డెస్క్‌టాప్ సరుకు చాలావరకు ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారికి డీవీడీ ఫైలే మేలు. కాలేజీలో నెట్ ఉన్న స్నేహితుడితో దింపించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

డీవీడీలో లేనివాటికి ఒక ఉపాయం ఉంది. ఒక మిషన్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్యాకేజీ ఎక్కించి, మిగతా మిషన్లను వైరుతో దానికి కలపాలి. మొదటి మిషన్ కోసం దింపిన మూట దాని దగ్గర నిలవ ఉంటుంది. రెండో మిషన్, మూడో మిషన్ అడిగితే నెట్‌కు వెళ్లకుండా అక్కడి నుంచే ఇస్తుంది. నాలుగు మిషన్లకు నాలుగుసార్లు ఖర్చయ్యే డేటా ఒక్కసారితో సరిపోతుంది. నెలకు ఒకసారి భద్రతా సవరణలు తెచ్చుకోవడానికీ ఇదే దారి.

జాబితా రిజిస్టరు

ఎక్కించడం అయ్యాక ఏమేమి ఎక్కించామో ఒక పుస్తకంలో రాసి వార్డెన్ గారి దగ్గర స్టాక్ రిజిస్టరు పక్కన ఉంచాం. ప్రతి పేరు ఎదుట "ఎవరి కోసం" అని ఒక గడి పెట్టాం. ఆ గడి నింపలేని పేరు జాబితాలోంచి కొట్టేశాం. దీనివల్ల రెండు లాభాలు. రేపు డిస్కు పోతే కొత్తవాళ్లు అదే జాబితాతో మళ్లీ ఎక్కించగలరు. వచ్చే ఏడాది చీటీలు మళ్లీ రాయించినప్పుడు, ఎవరూ ముట్టనిది తీసేసి కొత్తది పెట్టగలరు. పిల్లల ఫైళ్లు ఉండే హోం భాగాన్ని డిస్కులో విడిగా ఉంచితే, సిస్టం మళ్లీ ఎక్కించినా వాళ్ల రాతలు పోవు. దీన్ని కూడా ఎక్కించే ముందే నిర్ణయించుకోవాలి. తర్వాత మార్చడం కష్టం.

చివరగా, పని వరుస ఇది: మిషన్ చూడండి, చీటీలు రాయించండి, కాగితం మీద జాబితా వేయండి, దొరకనివి ఏమిటో అందరికీ చెప్పండి, ఒక్క మిషన్‌కి ఎక్కించి వారం రోజులు పిల్లలను వాడనివ్వండి, ఆ తర్వాతే మిగతావాటికి ఎక్కించండి.

పర్చూరు, మార్టూరు, అద్దంకి, సత్తెనపల్లి వైపు హాస్టళ్లలో చదివి బయటికి వెళ్లిన అన్నలకు, అక్కలకు ఒక మనవి. కంప్యూటర్ ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోవద్దు. ఒక్క ఆదివారం ఉండి, చీటీలు చదివి, జాబితా వేయడంలో సాయపడండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ అడగడానికి మొహమాటపడవద్దు. సాఫ్ట్‌వేర్ పేరు తెలియకపోయినా ఏం చేయాలనుందో రాయండి చాలు. పేరు వెతికే పని మాది.